ఆమె నీకేమైతది? – ఒక నవల, ఉప్పల్ అడ్డా, 'తోడు' అనే మాట

(నాచారంలో శ్రామిక స్త్రీలూ విద్యార్థినులూ కలిసి జరుపుకున్న అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాల గురించీ, రిజిస్ట్రేషన్ కార్డుల గురించీ, కొత్త లేబర్ కోడ్‌ల గురించీ మాట్లాడుకోవలసిన ఈ సభలో నన్నొక నవల గురించి మాట్లాడమన్నారు. అదీ అమెరికా నవల. అందులో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. దాన్ని మనం ఎందుకు చదవాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది: కూలి కోసం ఊరు విడిచి తిరిగే ఇద్దరు మనుషుల మధ్య ఉండే తోడుకి బయటి ప్రపంచం ఏ పేరు పెడుతుంది, ఎంత విలువ కడుతుంది అనే ప్రశ్నను ఆ నవల చాలా సూటిగా అడిగింది. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో పనిచేసే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు అదే ప్రశ్న నాకు పదేపదే ఎదురైంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఇవాళ్టి నా ప్రయత్నం.

ముందు కథ క్లుప్తంగా చెబుతాను. జాన్ స్టెయిన్‌బెక్ 1937లో రాసిన ఈ చిన్న నవల పేరు 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. ఎలుకలు, మనుషులు అని అర్థం చెప్పుకోవచ్చు. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్, నాగలి కింద గూడు చెదిరిన ఎలుక మీద 1785లో రాసిన కవితలోంచి ఆ పేరు వచ్చింది. స్టెయిన్‌బెక్ కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో పుట్టాడు. ఆ కూలీల జీవితం అతనికి దగ్గర్నించి తెలుసు. 1939లో 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' రాశాడు. 1962లో నోబెల్ బహుమతి వచ్చింది.

కథలో జార్జ్, లెన్నీ అనే ఇద్దరు కూలీలు. లెన్నీ భారీ మనిషి, బలవంతుడు, కానీ బుద్ధి చిన్న పిల్లవాడిది. మెత్తటివి ఏవి కనిపించినా నిమరాలనుకుంటాడు, తన బలం తనకు తెలియక వాటిని చంపేస్తూ ఉంటాడు. జార్జ్ అతన్ని కనిపెట్టుకుని ఉంటాడు. ఒక చోట గొడవై పారిపోయి, సోలెడాడ్ అనే ఊరి దగ్గర ఒక పెద్ద కమతంలో పనికి చేరతారు. స్పానిష్‌లో సోలెడాడ్ అంటే ఒంటరితనం. ఎప్పటికైనా ఇద్దరూ కలిసి కాస్త నేల కొనుక్కోవాలి, కుందేళ్ళు పెంచుకోవాలి, ఎవరి కిందా పనిచేయకూడదు అనేది వాళ్ళ కల. చివరికి ఆ కమతంలో యజమాని కోడలు లెన్నీ చేతిలో, అతను చంపాలని అనుకోకుండానే, చనిపోతుంది. గుంపు తుపాకులతో బయలుదేరుతుంది. వాళ్ళ చేతికి చిక్కకముందే జార్జ్ తన స్నేహితుణ్ణి తానే కాల్చి చంపుతాడు.

ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఆ ముగింపు దగ్గరే ఆగుతారు. నేను మొదట మిమ్మల్ని ఇంకో చోట ఆపాలనుకుంటున్నాను. అది వాళ్ళిద్దరూ పనికి చేరే రోజు. యజమాని ప్రశ్నలు వేస్తుంటే లెన్నీ బదులు జార్జే జవాబు చెబుతాడు. యజమానికి అనుమానం వస్తుంది: నీకు ఇతని మీద ఇంత పట్టింపు ఎందుకు, ఇతని కూలి నువ్వు కాజేస్తున్నావా అని నిలదీస్తాడు. ఒక కూలీ ఇంకో కూలీ కోసం ఇంత శ్రమ పడటం అతనికి ఊహకందని సంగతి. అందులో మోసం తప్ప మరేదీ ఉండదని అతని నమ్మకం. అప్పుడు జార్జ్ ఏం చేస్తాడు? స్నేహితుడని చెప్పడు. ఇతను నాకు చుట్టం, చూసుకుంటానని వాళ్ళ పెద్దామెకు మాటిచ్చాను అని అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం చెప్పాకే అనుమానం కొంత తగ్గుతుంది.

నా దృష్టిలో నవల మొత్తానికీ ఇదే కీలకం. స్నేహం అనే జవాబు ఆ గదిలో చెల్లదు. చుట్టరికమైతే చెల్లుతుంది.

ఇప్పుడు ఉప్పల్‌కి వద్దాం. వరంగల్ రోడ్డు హైదరాబాదులోకి ప్రవేశించే చోటు ఇది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నల్లగొండ, వరంగల్ వైపు నుంచి బస్సు దిగినవాళ్ళు మొదట చూసే నగరం ఇదే. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడి ఇరుకు గదుల్లో పక్కపక్కనే బతుకుతున్నారు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, భూమి ధరలు పెరిగాయి, అపార్టుమెంట్లు లేచాయి. వాటిని కట్టే కూలీలు పొద్దున్నే సద్ది గిన్నె పట్టుకుని అడ్డా మీద నిలబడటం మాత్రం మారలేదు.

ఆ అడ్డా మీద నేను గమనించిన ఒక పద్ధతి చెబుతాను. ఇద్దరు స్త్రీలు ఎప్పుడూ కలిసి నిలబడతారు. మేస్త్రీ వచ్చి ఒక్క మనిషి కావాలంటే ఇద్దరూ కదలరు. 'పోతే ఇద్దరం, లేకుంటే లేదు' అంటారు. అటువంటి ఇద్దరిని చాలా రోజులు కలిశాను. వాళ్ళ పేర్లు ఇక్కడ చెప్పను. పెద్దామె నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చింది, చిన్నామె శ్రీకాకుళం జిల్లా నుంచి. కులాలు వేరు, యాసలు వేరు. మీ ఇద్దరికీ ఏమిటి సంబంధం అని అడిగితే పెద్దామె నవ్వింది.

'అక్కా, గిది నాకు ఏమైతదని చెప్పాలె? సుట్టం గాదు, మా ఊరు గాదు. ఒక్కదాన్ని పిలిస్తే ఏడికి తీస్కపోతడో ఎర్కనా? ఇద్దరముంటే ధైర్యం. గంతే.'

గంతే అని తేలిగ్గా అనేసింది కానీ దాని ఖరీదు తేలికైనది కాదు. ఒక్క మనిషి కావలసిన రోజున ఇద్దరి కూలీ పోతుంది. నెలలో అటువంటి రోజులు ఎన్ని వస్తాయో మీలో అడ్డా మీద నిలబడిన వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. అంటే ఈ తోడు మనసుకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. రోజువారీ కూలీలో కోత పెట్టుకుని కొనుక్కునే రక్షణ అది. పని స్థలంలో రక్షణ కల్పించాల్సినవాళ్ళు కల్పించనందువల్ల ఆ ఖర్చును ఇద్దరు పేద స్త్రీలు తమ జేబులోంచి భరిస్తున్నారు.

ఇక గది అద్దెకు అడిగినప్పుడు వీళ్ళిద్దరూ ఏమని చెప్పారనుకున్నారు? అక్కాచెల్లెళ్ళమని. పెళ్ళైన స్త్రీలు భర్తలు లేకుండా ఇద్దరు కలిసి ఉంటామంటే ఇల్లు ఇవ్వరు. వేర్వేరు కులాలంటే అసలే ఇవ్వరు. జార్జ్ చెప్పిన అబద్ధమే, ఎనభై ఏళ్ళు దాటాక, ఇక్కడ కూడా అవసరమైంది.

ఇక్కడ మన భాష గురించి ఒక్క మాట. ఇంగ్లీషులో 'లాయల్టీ' అనే మాటకు మనం విధేయత అనో విశ్వాసం అనో అంటాం. ఈ రెండూ పైవాడి వైపు చూసే మాటలు. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం, యజమానికి విధేయుడు అంటాం. పక్కమనిషి వైపు చూసే మాట తోడు. ఐతే ఆ మాట కూడా చుట్టరికంలోకి పోయి కూర్చుంది: తోడబుట్టినవాడు, తోడికోడలు. పుట్టుక వల్లా పెళ్ళి వల్లా కాకుండా, కలిసి పనిచేయడం వల్ల ఏర్పడిన తోడుకు మన దగ్గర గౌరవప్రదమైన పేరు లేదు.

పేరు లేకపోతే ఏమవుతుంది? ఆ చిన్నామె ఒకనాడు పనిచేస్తున్న భవనంలో పరంజా మీంచి పడింది. పెద్దామే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ కాగితం ముందుపెట్టి అడిగిన మొదటి ప్రశ్న: 'ఆమె నీకేమైతది?' అక్కనని చెప్పింది. ఆధార్ కార్డుల్లో ఇంటిపేర్లు, ఊళ్ళు కలవలేదు. భర్తనో తండ్రినో పిలిపించమన్నారు. భర్త ఎక్కడున్నాడో చిన్నామెకే తెలియదు. తండ్రి శ్రీకాకుళం నుంచి రావాలి. ఆ రాత్రంతా సంతకం పెట్టే అర్హత ఎవరికి ఉందన్న చర్చతోనే గడిచింది. ఆమె కోలుకుంది, అది అదృష్టం. తర్వాత పెద్దామె నాతో అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది: 'మూడేండ్ల సంది దానికి జరమొస్తే నేనే, అన్నమొండితే నేనే. సంతకం కాడికొచ్చేసరికి నేనెవ్వర్ని గాను.'

మిత్రులారా, ఇది ఒక ఆసుపత్రి దురుసుతనం అనుకుంటే విషయం చిన్నదైపోతుంది. మన చట్టాల నిర్మాణమే అలా ఉంది. పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చే 1923 నాటి చట్టంలోనూ, 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనూ, వాటి స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ 'ఆధారపడినవారు' అంటే రక్తసంబంధీకులు, వివాహ సంబంధీకులు. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అలా. ఆ రక్షణ అవసరమే, దాన్ని తగ్గించమని నేననడం లేదు. కానీ సొంత ఊరికి వందల మైళ్ళ దూరంలో, కుటుంబం తోసేసిన స్త్రీని మూడేళ్ళు కనిపెట్టుకున్న మనిషికి ఆ జాబితాలో చోటే లేదు.

మళ్ళీ నవలకు వస్తాను. జార్జ్ లెన్నీకి చేసే పనులు ఏమిటో ఒకసారి జాబితా వేసి చూడండి. తిండి చూడటం, కాగితాలు దాచిపెట్టడం, ఏం మాట్లాడాలో నేర్పడం, తప్పిపోకుండా కనిపెట్టడం, నిద్రపోయే ముందు అడిగిన కథే మళ్ళీ చెప్పడం. ఇవన్నీ మనం ఇంట్లో స్త్రీల పని అని పిలిచేవే. ఈ పని జార్జ్‌కి ఎవరి దగ్గర్నించి వచ్చింది? లెన్నీని పెంచిన క్లారా అత్త చనిపోయాక ఆ బాధ్యత అతని మీద పడింది. ప్రపంచ సాహిత్యంలో ఇద్దరు మగవాళ్ళ స్నేహానికి గొప్ప ఉదాహరణగా చెప్పే ఈ కథ, ఒక స్త్రీ జీతం లేకుండా చేసిన చాకిరీకి కొనసాగింపు. నవలలో ఆమె బతికి కనిపించదు. చివర్లో లెన్నీ భ్రమలో వచ్చి అతన్ని మందలించి పోతుంది. మగవాడు ఒక మనిషిని కనిపెట్టుకుంటే అది త్యాగమై కథకెక్కుతుంది. ఆడది చేస్తే ధర్మమై మరుగునపడిపోతుంది. స్త్రీల స్నేహాల గురించి ఇంత తక్కువ రాయడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. మన దగ్గర ఓల్గా తన 'విముక్త' కథల్లో సీతనూ శూర్పణఖనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించింది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒకే మగవాడి వల్ల శత్రువులైన ఇద్దరు స్త్రీలు స్నేహితులు కావచ్చని ఊహించడానికే మన సాహిత్యానికి అంతకాలం పట్టింది.

ఈ నవలలో స్త్రీలు లేరా అంటే, ఒకామె ఉంది. యజమాని కొడుకు కర్లీకి భార్య. ఆమెకు పేరు లేదు. పుస్తకం పొడుగునా కర్లీ భార్యే. పెళ్ళై రెండు వారాలైంది. మాట్లాడే మనిషి లేక కూలీలుండే కొట్టం చుట్టూ తిరుగుతుంది. వాళ్ళు ఆమెను చెడ్డదంటారు, ప్రమాదమంటారు. కూలీల మధ్య స్నేహం ఎంత అపురూపమో చెప్పే ఈ పుస్తకంలో, ఈమెతో స్నేహం చేయవచ్చునన్న ఆలోచన ఒక్కరికీ రాదు. 1938లో, నాటకంలో ఆ పాత్ర వేస్తున్న క్లెయిర్ లూస్ అనే నటికి స్టెయిన్‌బెక్ ఒక ఉత్తరం రాశాడు. అనుమానాల మధ్య పెరిగి ఎవరినీ నమ్మకూడదని నేర్చుకున్న అమ్మాయి అనీ, లోపల మంచి మనిషే అనీ అందులో వివరించాడు. రచయిత నటికి ఇచ్చిన ఆ సానుభూతి నవలలో పాఠకుడికి కొంచెమే అందుతుంది. పేరు మాత్రం ఉత్తరంలోనూ ఇవ్వలేదు.

ఆమె కూడా ఒక వలస మనిషే అని నేనంటాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వలస వెళ్ళినట్టు నమోదైన స్త్రీలలో సుమారు మూడింట రెండు వంతుల మందికి కారణం 'వివాహం'. ఆ ఒక్క మాట కింద అత్తవారింటికి పోయినవాళ్ళూ, భర్తతో బయలుదేరి ఇటుక బట్టీలో, భవనాల దగ్గర పనిచేస్తున్నవాళ్ళూ కలిసిపోయారు. భర్త పని కోసం వచ్చినట్టు, భార్య పెళ్ళి వల్ల వచ్చినట్టు లెక్క. మేస్త్రీకి మాత్రం లెక్క స్పష్టంగా తెలుసు. అతనికి కావలసింది జంట. అడ్వాన్సు భర్త చేతిలో పెడతాడు, పని ఇద్దరి చేతా చేయించుకుంటాడు. భార్య విధేయతను ఆ విధంగా కూలిలో కలిపేసుకున్నారు. అడ్డా మీది ఆ ఇద్దరు స్త్రీలు తయారుచేసుకున్న జంటకూ, మేస్త్రీ కోరే జంటకూ తేడా ఇదే. మొదటిది వాళ్ళు ఎంచుకున్నది, ఎవరి కూలి వారి చేతికే వస్తుంది. రెండోది వాళ్ళ మీద వేసినది.

ఇంకొక స్త్రీ ఉంది, ఆమెను పాఠకులు తరచుగా మరిచిపోతారు. వీడ్ అనే ఊళ్ళో లెన్నీ ఒక అమ్మాయి ఎర్ర గౌను ముట్టుకుని, భయంతో వదలకుండా పట్టుకున్నాడు. ఆమె అరిచింది, ఫిర్యాదు చేసింది. అక్కడి నుంచే ఇద్దరూ పారిపోయి వచ్చారు. లెన్నీకి చెడు ఉద్దేశం లేదని మనకు తెలుసు. ఆమెకు ఎలా తెలుస్తుంది? స్నేహితుడి మీద ప్రేమతో జార్జ్ అతన్ని దాచాడు, అది మనకు నచ్చుతుంది. కానీ మన సంఘాల్లో, మన యూనియన్లలో 'మనవాడే, అమాయకుడు, ఏదో పొరపాటు' అనే మాట ఎన్నిసార్లు వినలేదు? తోడు అనేది తోటివాడిని కాపాడటమే ఐతే, ఆ అమ్మాయి ఎవరికి తోటిది? 2013 నాటి పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట్ల ఉన్నవాళ్ళూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళూ జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అడ్డా మీద నిలబడే స్త్రీలలో ఎంతమందికి ఆ కమిటీ ఉందని చెప్పాం? ఇది మనం వేసుకోవలసిన ప్రశ్న.

నవలలో మరొక పాత్ర క్రుక్స్. నల్లజాతి మనిషి, గుర్రాలను చూసుకుంటాడు. తెల్ల కూలీలతో కలిసి పడుకోనివ్వరు, కొట్టం పక్కన వేరే గది. ఆ గదిలో అతని దగ్గర ఒక చిరిగిన పుస్తకం ఉంటుంది. అది 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్. ఆ కమతం మొత్తంలో చట్టం పుస్తకం ఉన్నది అతని దగ్గరే. ఒక సాయంత్రం, అందరూ కలిసి ఆ నేల కొనుక్కుందాం అన్న కలలో తానూ చేరతానంటాడు. అదే సాయంత్రం కర్లీ భార్య, నిన్ను చెట్టుకు వేలాడదీయించగలనని బెదిరించగానే వెనక్కి తగ్గి, నేను రానంటాడు. పేరు లేని స్త్రీ, తన కిందివాడనుకున్న మనిషి మీద ఆ కాస్త అధికారాన్ని వాడుకుంది. అణచివేతకు గురైనవాళ్ళు తమంతట తాము ఒకటైపోతారనే భ్రమ మనకు ఉండకూడదు. కులం అడిగి గది ఇచ్చే ఊళ్ళో ఉన్న మనకు ఇది ఇంకెవరో చెప్పనక్కరలేదు.

అసలు ఆ కమతంలో స్నేహం మీద ఇంత బరువు ఎందుకు పడింది? అమెరికాలో 1935లో కార్మికులకు సంఘం పెట్టుకుని బేరమాడే హక్కునిచ్చే జాతీయ చట్టం వచ్చింది. దానిలోంచి వ్యవసాయ కూలీలనూ ఇంటి పనివాళ్ళనూ మినహాయించారు. అదే సంవత్సరం వచ్చిన సామాజిక భద్రతా చట్టం నుంచీ వాళ్ళను తప్పించారు. నవల వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు. చెయ్యి పోయిన ముసలి క్యాండీని చూడండి. పరిహారంగా 250 డాలర్లు ఇచ్చారు, ఊడవడం పని ఇచ్చారు. అదీ చేయలేకపోతే వెళ్ళగొడతారని అతని భయం. జార్జ్ కలగన్న నేల ధర 600 డాలర్లు. ఆ చెయ్యి ఖరీదు కలిపితేనే ఆ కల మొదటిసారి సాధ్యమనిపిస్తుంది. పింఛను లేనిచోట, సంఘం లేనిచోట, ముగ్గురు మనుషుల మధ్య మాట తప్ప ఏమీ లేదు. ఆ మాటే ఒకరికి బీమా, ఒకరికి వైద్యం, ఒకరికి ముసలితనం. ఇంత బరువును ఏ స్నేహం మోస్తుంది?

ఆ బరువు కిందే జార్జ్ తుపాకీ తీసుకుంటాడు. అది ప్రేమా, హత్యా అని ఇన్నేళ్ళుగా వాదన జరుగుతూనే ఉంది. నాకు ఆ వాదన కంటే ముఖ్యమనిపించేది, అతని ముందు ఉన్న దారులు. ఒకవైపు గుంపు, మరోవైపు సంకెళ్ళు, బోను. బుద్ధిమాంద్యం ఉన్న మనిషిని మనిషిగా చూసే చోటు మూడోది లేదు. అది లేనప్పుడు అతని భారం స్నేహితుడి మీద పడింది. మన దగ్గర ఐతే తల్లి మీద పడుతుంది. నా తర్వాత వీడికి ఎవరు అనే తల్లులను ఈ బస్తీల్లో మనమందరం ఎరుగుదుం. వాళ్ళను ఆదర్శమూర్తులని పొగిడి ఒంటరిగా వదిలేయడం కూడా ఆ వ్యవస్థలో భాగమే.

మన దేశంలో 2020లో ఇదే జరిగింది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. పని ఆగింది, కూలి ఆగింది, రైళ్ళు ఆగాయి. వలస కూలీల కోసం మొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే మే 1న సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అప్పటికి అయిదు వారాలు గడిచాయి. ఆ మే నెలలోనే సూరత్ నుంచి ఉత్తరప్రదేశ్‌కు లారీలో పోతున్న ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి జ్వరం వచ్చింది. మిగతావాళ్ళు భయపడి దింపేశారు. రెండోవాడు తనూ దిగిపోయాడు. రోడ్డు పక్కన స్నేహితుడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఫోటో దేశమంతా చూసింది. జబ్బుపడినవాడు బతకలేదు. ఒకరు దళితుడు, ఒకరు ముస్లిం. ఆ కథ ఆధారంగా నీరజ్ ఘేవాన్ 2025లో 'హోమ్‌బౌండ్' అనే సినిమా తీశాడు. ఆ స్నేహం ముందు తల వంచవలసిందే. కానీ ఆ రోడ్డు మీద రాజ్యం లేదు, యజమాని లేడు, అంబులెన్సు లేదు, అందుకే స్నేహం ఒక్కటే మిగిలింది అన్న సంగతి కన్నీళ్ళలో కొట్టుకుపోకూడదు.

మరి చట్టం ఎక్కడుంది? ఒడిశా నుంచి దళారులు తీసుకుపోయే 'దాదన్' కూలీల దుస్థితి నేపథ్యంలో 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ప్రయాణ భత్యం, స్థానచలన భత్యం, వసతి అన్నీ అందులో ఉన్నాయి, అమలే తక్కువ. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా కాక తనంతట తాను వచ్చినవాళ్ళనూ ఇది వలస కార్మికులుగా గుర్తిస్తుంది, అది మంచిదే. కానీ పాత చట్టం అయిదుగురు ఉన్న చోట వర్తిస్తే, ఈ భాగం పదిమంది ఉంటేనే వర్తిస్తుంది. పైగా సరిహద్దు దాటితేనే వలస. నేను చెప్పిన ఆ ఇద్దరిలో శ్రీకాకుళం ఆమె 2014 జూన్ 2 తర్వాత అంతర్రాష్ట్ర మనిషైంది. నాగర్‌కర్నూలు ఆమె ఈ చట్టం దృష్టిలో అసలు వలసే కాదు. ఒకే గదిలో, ఒకే పనిలో, ఒకే సద్ది గిన్నెలో తినే ఇద్దరిని చట్టం రెండు రకాలుగా చూస్తుంది. అడ్డా మీద రోజుకొక ఇంటి పనికి పోయే ఇద్దరినీ చివరికి బయటే ఉంచుతుంది.

ఐతే చట్టానికి స్నేహితుణ్ణి గుర్తించడం చేతకాదని అనుకోనక్కరలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడండి. మైనరు కాని ఏ వ్యక్తైనా, తనకు చికిత్స అవసరమైనప్పుడు తన తరఫున నిలబడే ప్రతినిధిగా తనకు నమ్మకమున్న వయోజనుల్లో ఒకరిని నియమించుకోవచ్చు. బంధువే కానక్కరలేదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. బంధువుల పేర్లు వచ్చేది ఆ తర్వాతే. మనసుకు జబ్బు చేస్తే స్నేహితురాలు చెల్లుతుంది, పరంజా మీంచి పడితే చెల్లదు. ఇది ఏ న్యాయం?

కాబట్టి ఈ సభ ముందు నేను పెట్టదలచుకున్న ప్రతిపాదన ఇది. ఆసుపత్రి కాగితాల దగ్గర, ఈఎస్ఐ దగ్గర, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు దగ్గర, ప్రమాద పరిహారం దగ్గర, తనకు తోడు ఎవరో రాసే హక్కు కార్మికురాలికే ఉండాలి. కుటుంబానికి రావలసింది కుటుంబానికి పోనీ. సమాచారం అందుకోవడానికి, పక్కన ఉండటానికి, ఆమె స్పృహలో లేనప్పుడు ఆమె తరఫున మాట్లాడటానికి ఆమె ఎంచుకున్న మనిషిని అనుమతించాలి. చట్టం మారేవరకూ ఆగనక్కరలేదు. మన సంఘ కార్డుల వెనుక ఒక గీత గీసి 'నా తోడు' అని రాసి, పేరూ ఫోన్ నెంబరూ రాయించడం వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి చట్టబలం ఉండదు, నిజమే. కానీ వందల కార్డుల మీద అదే గీత ఉంటే దాన్ని చూపించి అడగవచ్చు.

దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి. తోడును గుర్తించమనడం అంటే, మిగతా బాధ్యత అంతా తోడు మీదకు నెట్టేయమనడం కాదు. రాజ్యాంగం 19వ అధికరణ సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీద మొదలైనా, ఆచరణలో మాత్రం ఇద్దరు స్త్రీలు ఒక్కదాన్ని పిలిస్తే పోమని అడ్డా మీద నిలబడినప్పుడే మొదలవుతుంది. ఆ ఇద్దరూ ఇరవై మందైన రోజున, ఒక్కరు కావాలన్నవాడికి ఎవరూ దొరకరు. అప్పుడు కోల్పోయే కూలి ఇద్దరిదే కాదు, ఆగేది మేస్త్రీ పని కూడా. స్టెయిన్‌బెక్ కమతంలో ఆ ముగ్గురూ నలుగురూ కలలోనే కలిశారు. కలిసి కూలి అడగాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

నవల చివర్లో, స్నేహితుణ్ణి పోగొట్టుకుని నడిచిపోతున్న జార్జ్‌ను చూసి కార్ల్‌సన్ అనే తోటి కూలీకి ఒక్క ముక్క అర్థం కాదు. వీళ్ళకేమైంది, ఎందుకిలా ఉన్నారని అడుగుతాడు. మన ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, చట్టాల్లో మాట్లాడేది చాలావరకు కార్ల్‌సనే. అతనికి అర్థమయ్యేలా చెప్పే పని మనది. చర్చలో మీ మీ అడ్డాల సంగతులు చెప్పమని కోరుతూ ముగిస్తున్నాను. ముఖ్యంగా ఆసుపత్రి గుమ్మం దగ్గర 'ఆమె నీకేమైతది' అని అడిగించుకున్నవాళ్ళు ముందు మాట్లాడండి. మనం రాయబోయే వినతిపత్రంలో మొదటి పేజీ మీ మాటలతోనే నింపుదాం.